క్రికెటర్ చేత్తో వేసిన పెయింటింగ్ అని ఎవరన్నా చెప్తే, డబ్బులు కొట్టే ముందు ఇది చదవండి

ఐపీఎల్ దగ్గరికొస్తా ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అవే మెసేజ్‌లు తిరగతా ఉండాయి, ఫలానా ప్లేయర్ స్వయంగా వేసిన పెయింటింగ్, ఒకటే పీసు, చారిటీ కోసం అమ్మతన్నాం, రేపు సాయంత్రం లోపల చెప్పాలి అని. నాకు నెల్లూరులో ఫ్రేములు కట్టే షాపుంది. బొమ్మ ముందు వైపు అందరూ చూస్తారు, వెనక వైపు చూసేది మేమే, అందుకని ఈ సీజన్ మొదలవకముందే చెప్పాల్సింది చెప్తా ఉండా.

పోయిన నెల కావలి వైపు రొయ్యల చెరువులుండే ఒకాయన పెద్ద కాన్వాస్ తెచ్చి మంచి టేకు బీడింగ్ వెయ్యమన్నాడు. రెండు లక్షలపైన పెట్టి కొన్నాడంట, కొత్తింటి హాల్లో పెట్టడానికి. పాత ఫ్రేము విప్పితే కాన్వాస్ వెనకంతా తెల్లగా ఉంది, ఒక్కచోట కూడా రంగు ఇంకిన మరక లేదు, చెయ్యి పడిన మురికి లేదు. పక్క అంచుల మీదకి బొమ్మ తిరగబడి, అద్దంలో మాదిరి వచ్చింది, అది కంప్యూటర్లో చేసే పని. పక్క వీధి కంసాలాయన కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తెచ్చి చూస్తే నీలం, గులాబి, పసుపు చుక్కలు సన్నగా ఒకదాని పక్కన ఒకటి. దానిమీద నీళ్ళ మాదిరి కనపడే జెల్ పూసి బ్రష్ గీతలు తెప్పించినారు, బొమ్మలో బ్యాటు అంచు ఒకచోట ఆగిపోయింది గానీ ఆ జెల్ గీత మాత్రం ఆగకుండా బ్యాటు దాటి గడ్డిలోకి పోయింది. అంటే ప్రింటు.

అసలు సంగతి అది కాదు. దాని మీదుండే సంతకం నిజమైందే. ఆ ప్లేయర్ అదే కాన్వాస్ మీద మార్కర్‌తో సంతకం పెడతా ఉండే వీడియో కొన్నాయన ఫోన్లో ఉంది. సంతకం ఆయనదే అయినప్పుడు బొమ్మ కూడా ఆయన వేసిందే గదా అన్నా అని అడిగాడు పాపం.

కాదు. మనోళ్ళని ముంచేది ఈ ఒక్క తప్పే. ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చిన బొమ్మల్లో దొంగ సంతకాల వల్ల మోసపోయినోళ్ళ కన్నా అసలు సంతకం చూసి మోసపోయినోళ్ళే ఎక్కువ, ఎందుకంటే దొంగ సంతకం అంటే జనానికి కాస్తన్నా అనుమానం వస్తది, అసలు సంతకం కనపడితే ఇంక దేన్నీ అడగరు. సంతకం పెట్టిన చెయ్యి వేరు, బొమ్మ వేసిన చెయ్యి వేరు. సంతకం నిజం అని తేలితే తేలింది సంతకం ఒక్కటే.

ప్లేయర్ పేరుతో తిరిగే బొమ్మలన్నీ ఒక రకం కాదు. ప్లేయరే కూర్చుని వేసినవి ఉంటాయి, చాలా తక్కువ. ప్లేయరూ ఆర్టిస్టూ కలిసి చేసినవి ఉంటాయి, టెన్నిస్ ప్లేయర్ మార్టినా నవ్రతిలోవా యురాజ్ క్రాలిక్ అనే ఆర్టిస్టుతో కలిసి రంగులో ముంచిన బంతుల్ని కాన్వాస్ మీదకి కొట్టి చేసిన బొమ్మలున్నాయి, అవి ఇద్దరివీ అని చెప్పే అమ్మినారు, అది నిజాయితీ. ఆర్టిస్టు వేస్తే ప్లేయర్ సంతకం పెట్టినవి ఇంకో రకం. ప్రింటు తీసి సంతకం పెట్టించినవి ఇంకో రకం, సన్మానాల్లో, చారిటీ డిన్నర్లలో కట్టలు కట్టలుగా వచ్చేవి ఇవే. ప్రింటూ దొంగదే సంతకమూ దొంగదే అనేది ఆఖరి రకం. మూడో రకం, నాలుగో రకం అమ్మడం తప్పేం కాదు, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే. మధ్యలో చేతులు మారేటప్పుడు ఎవడో ఒకడు "సంతకం పెట్టిన" అనే మాట తీసేసి "వేసిన" అనే మాట పెడతాడు, అక్కడే ధర పదింతలు అవతది.

బాక్సర్ మహమ్మద్ అలీ విషయమే తీసుకోండి, అమ్మేవాళ్ళు ఎక్కువగా చెప్పేది ఆయన పేరే. అలీ నిజంగానే బొమ్మలు వేసేవాడు. లెరాయ్ నీమన్ అనే పేరున్న ఆర్టిస్టు ఆయనకి కొంత నేర్పించినాడు కూడా. 2021 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో బోనమ్స్ వాళ్ళ వేలంలో అలీ 1978లో వేసిన ఒక బొమ్మ 4,25,000 డాలర్లకి పోయింది. కానీ ఆ బొమ్మలు అలీతో బాగా పరిచయమున్న ఒక కలెక్టర్ దగ్గర్నుంచి వచ్చినాయి, అలీ చేతి నుంచి వేలం దాకా యాడ యాడ ఉండాయో దారి తెలుసు. అదే నీమన్ అలీని పెట్టి వేసిన బొమ్మల ప్రింట్లున్నాయి, వాటి మీద అలీ సంతకం పెట్టినవీ ఉండాయి. రెండిటి మీదా అలీ సంతకమే, రెండూ అసలు సంతకాలే, అయినా ఒకటి అలీ వేసింది, ఇంకోటి నీమన్ వేసింది. ధరలో తేడా భూమికీ ఆకాశానికీ ఉంటది.

సంతకంలో కూడా చూసేది ఉందిలెండి. 1964కి ముందు అలీ పేరు కాసియస్ క్లే, కాబట్టి 1962లో వేసినాడు అని చెప్పే బొమ్మ మీద మహమ్మద్ అలీ అని ఉంటే తర్వాత ఎప్పుడో పెట్టిన సంతకమన్నా అయ్యుండాలి, మోసమన్నా అయ్యుండాలి. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది, జబ్బు ముదిరే కొద్దీ చేతిరాత చిన్నదయిపోయి వణకతా వచ్చింది. ఇట్టాంటి లెక్కలు మన క్రికెటర్లకీ పెట్టి చూడొచ్చు, పాత సంతకం ఎట్టా ఉండేది ఇప్పుడెట్టా ఉంది అని. చూడండి, మంచిదే. కానీ మళ్ళీ చెప్తన్నా, అంతా చూసినాక తేలేది సంతకం గురించే.

రెండో మోసం ధర దగ్గర. ఎర్నీ బార్న్స్ అని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినాయన వేసిన 'షుగర్ షాక్' బొమ్మ 2022 మేలో క్రిస్టీస్ వేలంలో 1 కోటి 53 లక్షల డాలర్లకి పోయింది, వేలం వాళ్ళు అనుకున్నది మహా అయితే 2 లక్షల డాలర్లు. ఈ లెక్క స్క్రీన్‌షాట్ తీసి మన దగ్గర అమ్మేవాళ్ళు చూపిస్తా ఉండారు, ప్లేయర్ బొమ్మకి ఇంత పలికింది చూడు, నీది పదేళ్ళు పెట్టుకుంటే ఎంతవతదో అని. బార్న్స్ ఆట 1960ల్లోనే మానేసినాడు. 2009లో చనిపోయేదాకా పెయింటింగే ఆయన బతుకు. ఆ డబ్బు ఆటగాడికి రాలా, పెయింటర్‌కి వచ్చింది. ఇంగ్లాండ్ మాజీ వికెట్ కీపర్ జాక్ రస్సెల్ కూడా అంతే, ఏళ్ళ తరబడి వేస్తా ఉండాడు, సొంత గ్యాలరీ ఉంది, అనుమానం వస్తే అక్కడే అడగొచ్చు. జీవితంలో ఒక్కసారి ఫోటోల కోసం బ్రష్ పట్టుకున్న ప్లేయర్ బొమ్మని వీళ్ళ పక్కన పెట్టి లెక్కేస్తే ఎట్టా? అమ్మేవాణ్ణి ఒక్కటే అడగండి, ఈ ప్లేయర్ బొమ్మ ఇంతకుముందు బయట వేలంలో ఎంతకి పోయింది అని. సమాధానం లేకపోతే ధర అనేదే లేదు, వాడు చెప్పిన అంకె ఉంది అంతే.

సర్టిఫికెట్ ఉంది గదా అంటారు. సర్టిఫికెట్లో ఏం రాసుందో చదివినారా? నేను చూసినవాటిలో ఎక్కువ భాగం సంతకం అసలైంది అని మాత్రమే రాసుంటారు, బొమ్మ ఎవరు వేసినారనే ఊసే ఉండదు. ఆ రొయ్యల చెరువులాయన తెచ్చిన కాగితం కూడా అదే, హోలోగ్రామ్ తళతళా మెరస్తా ఉంది, కింద సంతకం గురించి రెండు లైన్లు. కాగితం అబద్ధం చెప్పలా, కొన్నాయన చదవలా. ఇంక దొంగ కాగితాలకి అంతే లేదు, అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్ళు 1990ల్లో ఆపరేషన్ బుల్‌పెన్ అని చేస్తే ఆటగాళ్ళ దొంగ సంతకాలు, వాటికి దొంగ సర్టిఫికెట్లు చేసే పెద్ద ముఠాలే దొరికినాయి.

ఫోటో చూపించినా నమ్మొద్దు. జర్మనీలో బెల్‌ట్రాకీ అనేవాడు పెద్ద పెద్ద ఆర్టిస్టుల పేర్లతో బొమ్మలు వేసి అమ్మతా, అవి తన భార్య అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నవి అని నమ్మించడానికి ఆ భార్యకే అమ్మమ్మ మాదిరి పాతకాలం బట్టలేసి వెనక ఆ దొంగ బొమ్మలు తగిలించి నలుపు తెలుపు ఫోటో తీసినాడు, 2011లో జైలు శిక్ష పడింది. ఫోటో కోసం అప్పుడు అంత కష్టపడినారు, ఇప్పుడు ఏఐతో నిమిషంలో ప్లేయర్ చేతికి బ్రష్ వచ్చేస్తది. పెద్ద కాలేజీ పేరు చూసి కూడా నమ్మే పనిలేదు, 2011లోనే కలకత్తాలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో టాగూర్ వేసినవని పెట్టిన బొమ్మలే దొంగవని తేలింది.

మరి ఏం చెయ్యాలంటే:

బొమ్మ కళ్ళతో చూడకుండా టోకెన్ అడ్వాన్స్ అని వెయ్యి రూపాయలు కూడా కొట్టొద్దు.

ఫ్రేములో ఉంటే విప్పించి వెనక చూడండి. విప్పనీయకపోతే లేచి వచ్చెయ్యండి.

భూతద్దం లేకపోతే ఏ బంగారం షాపులోనన్నా అడగండి, ఇస్తారు. చుక్కలు చుక్కలుగా ఉంటే ప్రింటు. చుక్కలు లేనంత మాత్రాన ప్లేయర్ వేసినట్టు కాదు, ఎవరో మనిషి వేసుండొచ్చు, అంతవరకే.

చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చ్ పక్కనుంచి వెయ్యండి. రంగు ఎత్తుపల్లాలు బొమ్మతో పాటు పోవాలి, బొమ్మ ఒక దారి గీత ఒక దారి పోకూడదు.

థిన్నర్, స్పిరిట్ పెట్టి రుద్ది చూడొద్దు. అసలు బొమ్మయితే మీరే పాడు చేసినోళ్ళవతారు.

ఎవరు వేసినారు, ఎప్పుడు, యాడ వేసినారు, ఎవరెవరి చేతులు మారింది, ఇవి కాగితం మీద రాసి అమ్మేవాడు సంతకం పెట్టాలి. "ఈ బొమ్మ మొత్తం ఫలానా వ్యక్తి స్వయంగా వేసింది, కాదని తేలితే డబ్బు వాపస్" అనే వాక్యం బిల్లులో ఉండాలి. ఈ ఒక్క లైను రాయమంటే చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ప్లేయర్ మేనేజ్‌మెంట్‌కి గానీ ఫౌండేషన్‌కి గానీ మెయిల్ పెట్టండి, మెయిల్ ఐడీ అమ్మేవాడు ఇచ్చింది కాకుండా వాళ్ళ అఫీషియల్ వెబ్‌సైట్‌లో ఉండేది చూసి. సంతకం మీదేనా అని అడగొద్దు. బొమ్మ మీరు వేసిందేనా అని అడగండి.

చారిటీ అంటే రసీదు అడగండి, డబ్బు ట్రస్టు అకౌంట్లోకే పోవాలి. మనిషి పేరు మీదుండే యూపీఐకి పోతే అది చారిటీ కాదు.

2 లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడం ఇన్‌కమ్ టాక్స్ చట్టం ప్రకారం కుదరదు. సగం క్యాష్ సగం ఆన్‌లైన్ అనేవాడికి దూరం.

పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇంకో నలభై వేలు వెయ్యి అంటే వెయ్యొద్దు. కస్టమ్స్ వాళ్ళు ఎవరి ఫోన్ పేకీ డబ్బులు వెయ్యమనరు.

రొయ్యల చెరువు పట్టుబడి చేసి డబ్బు చేతికొచ్చిన వారంలో కొనొద్దు. ఎవరికి డబ్బొచ్చిందో అమ్మేవాళ్ళకి తెలుస్తా ఉంటది.

రేపటి లోపల అంటే వద్దని చెప్పండి.

తర్వాత అమ్ముకోవచ్చులే అని కొనొద్దు, బొమ్మ నచ్చి కొంటే ప్రింటు ధరకి కొనండి, సంతకం నచ్చి కొంటే సంతకం ధరకి కొనండి.

ఇప్పటికే డబ్బు పోయుంటే సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అకౌంట్లో డబ్బు ఆపడానికి అంత వీలుంటది. చాట్లు డిలీట్ చెయ్యొద్దు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, కొరియర్ స్లిప్పు, బొమ్మ వచ్చిన డబ్బా కూడా ఉంచండి. బొమ్మని మా దగ్గరికో ఇంకో ఫ్రేము షాపుకో తీసుకుపోయి కొత్త బీడింగ్ వేయించొద్దు, కేసు తేలేదాకా వెనక పిన్నులు కూడా పీకొద్దు.