పోలీసు బండిలో ఎయిర్‌బ్యాగ్ సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా దగ్గరికి పోలీసు స్టేషన్ల బండ్లు కూడా వస్తుంటాయి. తాళం ఆన్ చేసి నేను మొదట చూసేది మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటునే. కంపెనీ నుంచి వచ్చిన రోజున బ్యాగ్ బాగానే ఉంటుంది. సైరన్, బుగ్గ లైట్లు, వైర్‌లెస్ సెట్, ట్యాబ్, ముందు ఇనుప గార్డు అంటూ తర్వాత ఒక్కొక్కటీ బిగించుకుంటూ పోతాం. నేను చూసే గొడవల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

ముందుగా మీ బండికి అసలు బ్యాగ్ ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి తప్పనిసరైంది. పక్క సీటుకు 2021లో వచ్చింది. అంతకు ముందువి ఇంకా చాలా స్టేషన్లలో తిరుగుతున్నాయి. స్టీరింగ్ మధ్యలో, డ్యాష్‌బోర్డు ఎడమ వైపున ఎయిర్‌బ్యాగ్ అనే అక్షరాలు కనిపించాలి.

లక్షణం: ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు

తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోతే సిస్టమ్ బాగున్నట్టు. ఆరకుండా ఉన్నా, నడుస్తుండగా వెలిగినా లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే మరీ అనుమానించాలి. లైటు గొడవ వదిలించుకోవడానికి ఎవరో దాన్నే తీసేసి ఉండొచ్చు.

పోలీసు బండిలో నేను మొదట వెతికేది సీటు కింద. అక్కడ పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది. లాఠీలు, నీళ్ల సీసాలు సీటు కిందికి తోస్తారు, సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, కనెక్టర్ వదులవుతుంది. లోపల పైపు పెట్టి కడిగితే అందులోకి తేమ కూడా చేరుతుంది. రెండో కారణం బ్యాటరీ. నాకాబందీ దగ్గర ఇంజిన్ ఆపేసి రాత్రంతా బుగ్గ, వైర్‌లెస్ నడిపితే వోల్టేజీ పడిపోయి లైటు వెలగొచ్చు. మూడోది, సైరన్‌కు కరెంటు దగ్గరలో దొరికిందని ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు నుంచి లాగడం. ఇది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. సైరన్‌కు బ్యాటరీ నుంచి వేరే లైను, వేరే ఫ్యూజు, రిలే పెట్టాలి.

లైటుతో పాటు హారన్ కూడా పని చేయకపోతే, స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల కరకరమంటే, స్టీరింగ్ కింద చుట్టగా ఉండే స్పైరల్ కేబుల్ తెగి ఉంటుంది. దాన్ని అతికించకూడదు, కొత్తది వేయాలి.

పని ఎలా చేయాలంటే, ముందు స్కానర్ (బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చూపే పరికరం) పెట్టి లోపం కోడ్ చదవాలి. తర్వాత తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. చాలా బండ్లకు కనీసం 90 సెకన్లు. బ్యాగ్ వైర్లకు టెస్ట్ లైటు గానీ మల్టీమీటర్ గానీ పెట్టొద్దు, ఆ చిన్న కరెంటుకే బ్యాగ్ పేలే అవకాశం ఉంది. బ్యాగ్ ఉన్న చోట చిన్న రెసిస్టర్ పెట్టి, బ్యాగ్ బాగానే ఉందని సిస్టమ్‌ను నమ్మించి లైటు ఆర్పేసే మెకానిక్‌లు ఉన్నారు. దయచేసి అలాంటి చోటికి బండి పంపొద్దు. లైటు ఆరుతుంది, గుద్దుకున్న రోజు బ్యాగ్ రాదు.

లక్షణం: బండి గుద్దుకుంది, బ్యాగ్ తెరుచుకోలేదు

ప్రతిసారీ లోపమే అనుకోవద్దు. ముందు బ్యాగులు ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితేనే తెరుచుకుంటాయి. వెనక నుంచి కొట్టినా, బండి పల్టీ కొట్టినా రాకపోవచ్చు. ఆగి ఉన్న లారీ కిందికి దూరిపోతే దెబ్బ బంపర్‌కు కాకుండా పైన అద్దానికి తగులుతుంది, సెన్సర్‌కు సరిగా తెలియదు.

అయితే ముందు ఇనుప గార్డు ఉంటే నా వేలు దాని వైపే చూపిస్తుంది. బంపర్ ఎంత నలిగితే ఎప్పుడు తెరవాలో కంపెనీ పరీక్షించి లెక్క కట్టింది. గార్డు నేరుగా ఛాసిస్‌కు (బండి కింది ఇనుప చట్రానికి) బిగిస్తే ఆ లెక్క మారిపోతుంది, బ్యాగ్ ఆలస్యంగా రావచ్చు, రాకనే పోవచ్చు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద జనం కార్లకు గార్డులు పీకించే పోలీసులే తమ బండికి ఉంచుకోవడం సరి కాదు. పరిష్కారం ఒక్కటే, తీసేయడం.

లక్షణం: బ్యాగ్ తెరుచుకుంది, అయినా దెబ్బలు తగిలాయి

బ్యాగ్ రెప్పపాటు కంటే ముందే, సెకనులో వందో వంతులు కొన్నిటిలోనే ఉబ్బుతుంది. దాని మూత మీద ట్యాబ్ స్టాండు గానీ, వైర్‌లెస్ మైకు గానీ, హెల్మెట్ గానీ ఉంటే అది నేరుగా పక్క సీట్లో ఉన్న ఎస్‌ఐ గారి ముఖానికి వస్తుంది. ట్యాబ్‌ను గేర్ లివర్ దగ్గర కిందుగా బిగించండి. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ కూడా ఆ మూత మీద వద్దు. రాత్రి బందోబస్తులో కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టి కునుకు తీసే అలవాటు ఉంటే, బండి కదిలే ముందు కాళ్లు దించాలి.

స్టీరింగ్‌కు, ఛాతీకి మధ్య 25 సెంటీమీటర్లు ఉండాలి. జానెడు మీద నాలుగు వేళ్లు అనుకుంటే సరిపోతుంది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుంటే ఆ మందం మేరకు ఛాతీ ముందుకు వస్తుంది కాబట్టి, సీటును జాకెట్ వేసుకున్నాకే సర్దుకోండి.

సీట్ బెల్టు లేకుండా బ్యాగ్ ఒక్కటే కాపాడదు. మనిషి ముందుకు జారి, ఉబ్బుతున్న బ్యాగ్‌కే గుద్దుకుంటాడు. మాటిమాటికీ దిగాలని, పిస్టల్ అడ్డమని బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చి అలారం ఆపేస్తారు. ఆ క్లిప్పులు అమ్మొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల సంస్థ 5 ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. మీ బండిలో ఉంటే ఈ రోజే తీసి పారేయండి.

సీటు అంచులో బ్యాగ్ ఉన్న మోడల్ అయితే మామూలు సీటు కవర్ దాన్ని బిగించేస్తుంది. ఆ అంచు తెరుచుకునేలా కుట్టిన కవరే వాడాలి.

హైవే పెట్రోలింగ్ వారికి: వేరే కారులో బ్యాగ్ ఇంకా తెరుచుకోలేదు

ప్రమాద స్థలానికి ముందు చేరేది తరచూ మీరే. తెరుచుకోని బ్యాగ్ మనిషిని బయటికి తీస్తుండగా కూడా పేలగలదు. ముందు తాళం ఆఫ్ చేయండి, వీలైతే బ్యాటరీ నెగటివ్ తీయండి. ఆ తర్వాత కూడా కాసేపు సిస్టమ్‌లో కరెంటు నిల్వ ఉంటుంది. గాయపడిన మనిషికి, స్టీరింగ్‌కు మధ్య మీ తల పెట్టొద్దు, పక్క నుంచి చేతులు వేసి తీయండి. కటర్‌తో స్టీరింగ్ రాడ్డును కోయొద్దు. తెరుచుకున్న కారులో తెల్లటి పొడి, పొగ కనిపిస్తే మంట అని కంగారు పడొద్దు, అది బ్యాగ్ నుంచి వచ్చిందే కావచ్చు. కళ్లు మండితే నీళ్లతో కడుక్కోండి.

ఒకసారి తెరుచుకున్న బ్యాగ్‌ను మడిచి మళ్లీ లోపల పెట్టడం కుదరదు. బ్యాగ్, ముందు బెల్టులు, కంపెనీ చెప్పిన సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ మార్చాకే బండిని డ్యూటీకి తీసుకోండి. షెడ్డు నుంచి తెచ్చుకునేటప్పుడు పాత భాగాలు చూపించమని, కొత్త వాటి బిల్లు ఇవ్వమని అడగండి.