ఖాళీ చేశాక అడ్వాన్సు తిరిగి రాకపోతే: తిరుపతి విద్యార్థి గదుల్లో సమస్య - పరిష్కారం

ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ చుట్టుపక్కల బాలాజీ కాలనీ, భవానీ నగర్, విద్యా నగర్ వీధుల్లో పరీక్షలు అయిపోగానే గదులు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. అడ్వాన్సు గొడవలు మొదలయ్యేదీ అప్పుడే. "ఇవ్వను" అని మొహం మీద చెప్పే ఓనర్లు అరుదు. "ఇప్పుడు కాదు", "అంత రాదు", "మీకు కాదు" అంటారు. ఏ మాట అన్నారో గమనిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మందు దాన్ని బట్టే.

"కొత్తవాళ్లు చేరాక ఇస్తా"

కారణం: అడ్వాన్సును విడిగా దాచిపెట్టేవాళ్లు తక్కువ. మీ డబ్బు ఎప్పుడో ఖర్చయి ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్లు ఇస్తేనే మీకు ఇవ్వగలరు. వేసవంతా టు-లెట్ బోర్డు వేలాడితే మీ డబ్బూ అన్నాళ్లు ఆగుతుంది.

పరిష్కారం: ఖాళీ చేయడానికి ముందే కదలాలి. అగ్రిమెంటులో ఎన్ని రోజుల నోటీసు ఉంటే అన్ని రోజుల ముందు చెప్పండి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజులు. నోటి మాటగా వద్దు, వాట్సాప్‌లో రాయండి. ఆఖరి నెల అద్దెను అడ్వాన్సులో పట్టుకోమని అందులోనే అడగండి. అద్దె 5,000, అడ్వాన్సు 10,000 అయితే సగం చిక్కు అక్కడే తీరుతుంది. అయితే ఓనరు "సరే" అని రాసి పంపాకే ఆ పని చేయండి. చెప్పకుండా అద్దె ఆపేస్తే తప్పు మీ మీదికి వస్తుంది.

తాళాలు ఇచ్చిన తేదీ కూడా మెసేజ్‌లో ఉండాలి. లేదంటే తాళాలు అందేదాకా అద్దె నడిచిందని లెక్క కడతారు.

"పెయింటింగ్‌కే చాలదు"

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆ చట్టమే సెక్షన్ 108లో చెబుతోంది. రంగు వెలిసిపోవడం, బోరు నీళ్లకు కొళాయిల మీద తెల్లగా సున్నం కట్టడం, గీజరు కాయిల్‌కు పొలుసు పట్టడం అరుగుదలే. మేకు పీకినప్పుడు అరచేయంత ప్లాస్టరు ఊడితే, వాష్‌బేసిన్ పగిలితే అది నష్టం.

గోడ చెమ్మ గురించి గట్టిగా నిలబడండి. ఇక్కడ అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో అందరికీ గుర్తే. గోడ అడుగున సున్నం ఉబ్బి రాలుతుంటే నీళ్లు బయటినుంచో నేలలోంచో వస్తున్నట్టు. బట్టలు లోపల ఆరేసినందుకు వచ్చేది అది కాదు. చెమ్మ కనబడిన రోజే ఫొటో తీసి ఓనరుకు పంపితే తర్వాత మీ ఖాతాలో వేయలేరు.

కాలిన స్విచ్‌బోర్డు వేరే సంగతి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెడితే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ ఖర్చు మీదే, వాదించకండి. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ లోపల వైరు వదులై కాలితే మాత్రం ఓనరుది.

ఎంత కోయాలన్నది లెక్క వేసి చూపించండి. 10×12 గది, 10 అడుగుల ఎత్తు అయితే నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. పాడైంది 12 అడుగుల గోడ ఒక్కటే, అంటే 120. మొత్తానికి 6,600 అడిగితే ఆ గోడ వాటా 1,800. రంగు మూడేళ్లు ఉంటుందనుకుని, వేసి రెండేళ్లయితే మిగిలిన విలువ 600. కాగితం మీద ఇలా పెడితే చాలామంది దిగివస్తారు. కొన్నవాటికి బిల్లు కూడా అడగండి.

"కరెంటు బిల్లు బాకీ ఉంది"

చేరిన రోజు, వెళ్లే రోజు సబ్‌మీటరు రీడింగు ఫొటోలు ఉంటే రెండు నిమిషాల పని. తేడా యూనిట్లను ఒప్పుకున్న రేటుతో గుణించి, కట్టినది తీసేయండి.

"మీ ఫ్రెండ్ దగ్గర తీసుకోండి"

కారణం: ముగ్గురు కలిసి ఇచ్చిన అడ్వాన్సులో ఒకరు వెళ్లి ఇంకొకరు చేరతారు. కొత్తవాడు పాతవాడికి డబ్బు ఇచ్చేస్తాడు, ఓనరు పుస్తకంలో మాత్రం పాత పేరే ఉంటుంది.

పరిష్కారం: మనిషి మారిన రోజే ముగ్గురూ, ఓనరూ ఉన్న గ్రూపులో ఒక వాక్యం: "ఫలానావారి వాటా 4,000 ఇకనుంచి ఫలానావారిది." ఓనరు ఒప్పుకున్నట్టు జవాబు రాయాలి.

"ఇచ్చినట్టు రుజువేది?"

నగదు ఇచ్చి రశీదు తీసుకోకపోతే ఇంకా దారి ఉంది. గొడవ ముదరకముందే మామూలుగా రాయండి: "సార్, జూన్‌లో ఇచ్చిన 10,000 అడ్వాన్సులో కరెంటు పోను ఎంత వస్తుందో చెప్పండి." "1,200 పోతుంది" అని జవాబొస్తే అడ్వాన్సు అందినట్టు ఒప్పుకున్నట్టే. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఆ చాట్ ఉన్న ఫోనును జాగ్రత్త చేయండి. చాట్ కాపీని కోర్టులో పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం, దాన్ని ఏ ఫోను నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం కూడా జతచేయాలి.

ఎంత అడిగినా కదలకపోతే

భోజనంతో కూడిన హాస్టలైతే అది సేవ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. ఉత్త అద్దె గదికి ఈ దారి సాధారణంగా నిలవదు.

అద్దె గదైతే మొదట ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మొత్తం, కోతలు, ఇవ్వాల్సింది, 15 రోజుల గడువు, ఇవి చాలు. ఆ తర్వాత కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి (ఫోను 15100). కేసు వేయకుండానే ఓనరును పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అమ్మాయిలకూ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

డబ్బు బాకీ సివిల్ వ్యవహారం కాబట్టి స్టేషన్‌లో వసూలు చేసిపెట్టరు. సామానునో సర్టిఫికెట్లనో పట్టుకుని ఇవ్వకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని రశీదు తీసుకోండి.