జన్యువుల డేటాను పాత్‌వే నెట్‌వర్క్‌లో చూడటం ఎలా?

కణాల్లో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ విశ్లేషణ ముగిశాక చేతికొచ్చేది వేల వరుసల పట్టిక. ఏ జన్యువు పెరిగింది, ఏది తగ్గిందో అందులో తెలుస్తుంది. ఏది దేన్ని ఆపుతోందో, ఏది దేన్ని ప్రేరేపిస్తోందో మాత్రం తెలియదు. అందుకే ఆ అంకెలను పాత్‌వే మీద, అంటే కణంలో జన్యువులు, ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఎలా నడిపిస్తాయో చూపే పటం మీద, పరిచి చూడాలి. దీనికి ఉచితంగా దొరికే సైటోస్కేప్ సాఫ్ట్‌వేర్ చాలు.

ముందు పట్టిక సంగతి. జన్యువు ఐడీ, లాగ్2 ఫోల్డ్ ఛేంజ్ (ఎన్ని రెట్లు మారిందో లాగరిథమ్‌లో చెప్పే అంకె), సవరించిన పి-విలువ (ఆ మార్పును ఎంతవరకు నమ్మవచ్చో అంచనా వేసే అంకె) అనే మూడు కాలమ్‌లు ఉంచండి. ఫైల్‌ను ఎక్సెల్‌లోకి ఇంపోర్ట్ చేస్తుంటే అప్పుడే ఐడీ కాలమ్‌ను తప్పకుండా 'టెక్స్ట్'గా పెట్టండి. లేకపోతే సెప్ట్2 లాంటి పేర్లు సెప్టెంబర్ 2గా, అంటే తేదీగా మారిపోతాయి. ఈ బెడద ఎంత పెద్దదంటే, జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీయే ఆ పేరును సెప్టిన్2గా మార్చింది. జన్యువుల డేటాబేస్ ఎన్‌సెంబుల్ ఇచ్చే ఐడీలు వాడితే, వాటి చివర చుక్క తర్వాత వచ్చే వెర్షన్ అంకెను కూడా తీసేయండి.

తర్వాత సైటోస్కేప్‌లో, పాత్‌వే బొమ్మలను ఉచితంగా అందించే వికీపాత్‌వేస్ యాప్ వేసుకుని, మనిషి జాతిని ఎంచుకుని, 'అపాప్టోసిస్' (కణం తనను తాను చంపుకునే ప్రక్రియ) అని వెతకండి. దొరికినదాన్ని పాత్‌వేగా తెస్తే గీసిన బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. నెట్‌వర్క్‌గా తెస్తే నోడ్లు (జన్యువుల లాంటివాటిని సూచించే గుర్తులు), వాటిని కలిపే గీతలే మిగులుతాయి. విశ్లేషణకు నాకైతే రెండోదే నచ్చుతుంది.

ఇప్పుడు ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ ద్వారా పట్టికను తెచ్చి, రెండు వైపులా ఒకే రకం ఐడీలున్న కాలమ్‌లను జత చేయండి. రకాలు వేరైతే 'మ్యాప్ కాలమ్'తో మార్చుకోవచ్చు. కింద నోడ్ టేబుల్‌లో మీ అంకెలు కనిపించేదాకా ముందుకు వెళ్లకండి.

స్టైల్ ప్యానెల్‌లో నోడ్ రంగును ఫోల్డ్ ఛేంజ్‌కు ముడిపెట్టండి: తగ్గితే నీలం, సున్నా దగ్గర తెలుపు, పెరిగితే ఎరుపు. లాగ్2లో 1 అంటే రెట్టింపు, -1 అంటే సగం. కాబట్టి స్కేలు రెండు వైపులా సమానంగా ఉండాలి. డేటా లేని నోడ్లకు బూడిద రంగు ఇవ్వండి. మార్పు లేకపోవడం, కొలవకపోవడం ఒకటి కావు! పి-విలువను నోడ్ అంచు మందంతో చూపవచ్చు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒక నోడ్‌ను ఎంచుకుని దాని పొరుగు నోడ్లను చూడండి. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాల డేటాలో టీపీ53 అనే జన్యువు తెల్లగానే ఉండి, అది నడిపించే సీడీకేఎన్1ఏ, బ్యాక్స్ జన్యువులు ఎర్రగా కనిపించవచ్చు. అది లోపం కాదు. టీపీ53 నుంచి తయారయ్యే పి53 ప్రోటీన్‌ను మామూలుగా ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ నాశనం చేయిస్తూ ఉంటుంది. ఆ పట్టు సడలితే, ఆర్‌ఎన్‌ఏ పెరగకపోయినా ప్రోటీన్ పోగవుతుంది. తెల్లగా ఉందని వదిలేసిన నోడే కారణం కావచ్చు. గీత చివర బాణం ఉందా, అడ్డగీత ఉందా గమనించండి: బాణం ప్రేరేపించడాన్ని, అడ్డగీత ఆపడాన్ని చూపుతాయి.

చివరగా సెషన్‌ను సేవ్ చేసి, పాత్‌వే ఐడీతో పాటు దాన్ని దించుకున్న తేదీని కూడా రాసుకోండి. వికీపాత్‌వేస్‌లోని బొమ్మలను పరిశోధకులు ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటారు.