డేటాబేస్ నిర్వహణ, 6వ పాఠం: ఫైలులోని ఖాళీని వెనక్కి తీసుకోవడం

గత పాఠంలో రాయగడ బట్టల కొట్టు లెక్కల ఫైలు నుంచి పాత బిల్లులను తొలగించాము. అయినా ఫైలు పరిమాణం తగ్గలేదు. పర్లాకిమిడి ధాన్యపు కొట్టులో బస్తాలు లారీ ఎక్కినంత మాత్రాన గోడలు దగ్గరికి జరగవు కదా, ఇదీ అంతే. ఈ లెక్కలను ఉంచే ఎస్‌క్యూలైట్ (డేటానంతా ఒకే ఫైలులో దాచే డేటాబేస్ ప్రోగ్రాము) తన ఫైలును పేజీలుగా విభజించుకుంటుంది; మామూలుగా ఒక్కో పేజీ 4,096 బైట్లు. పూర్తిగా ఖాళీ అయిన పేజీలు ఒక జాబితాలో చేరి, కొత్త బిల్లుల కోసం ఎదురుచూస్తాయి.

‘ప్రాగ్మా ఫ్రీలిస్ట్_కౌంట్’ అనే ఆదేశం ఆ ఖాళీ పేజీల సంఖ్యను చెబుతుంది. అది 1,50,000 అని వస్తే, సుమారు 61 కోట్ల బైట్లు ఊరికే ఉన్నాయన్నమాట. అయితే దసరా అమ్మకాలతోనే ఆ చోటు నిండిపోయేటట్లయితే దాని జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇప్పుడు కుదించిన ఫైలు అప్పుడు మళ్లీ పెరగవలసిందే.

కుదించడానికి ‘వాక్యూమ్’ అనే ఆదేశాన్ని వాడతాము. ఇది డేటానంతా ఒక తాత్కాలిక ఫైలులోకి వరుసగా తిరగరాసి, దానిని మళ్లీ అసలు ఫైలు మీదికి ఎక్కిస్తుంది. చెదిరిన పట్టికలు ఒకచోట చేరడం వలన పట్టిక మొత్తాన్ని చదివే నివేదికలు వేగంగా రావచ్చు. కానీ పని జరుగుతున్నంతసేపు అసలు ఫైలుకు రెండింతల దాకా ఖాళీ డిస్కు కావలసి రావచ్చు. డిస్కు నిండిపోయాకనే మనకు వాక్యూమ్ గుర్తుకు రావడం ఇందులోని చిక్కు.

రెండో ప్రమాదం కరెంటుది. గుణుపురంలో ఒక మిల్లు కంప్యూటరు వానాకాలంలో వాక్యూమ్ మధ్యలో ఆగిపోయింది. డేటాబేస్ పక్కన పేరు చివర ‘జర్నల్’ అని ఉన్న ఫైలును చెత్త అనుకొని చెరిపివేయబోతుంటే నేను ఆపాను. తిరిగి తెరిచినప్పుడు డేటాబేస్‌ను పాత స్థితికి చేర్చేది ఆ ఫైలే.

అందుచేత నేను ‘వాక్యూమ్ ఇంటు’ను ఎంచుకుంటాను. 2019 నుంచి ఉన్న ఈ ఆదేశం అసలు ఫైలును ముట్టుకోకుండా, కుదించిన నకలును వేరే పెన్‌డ్రైవులో కూడా రాయగలదు. ముందుగా బిల్లింగ్ ప్రోగ్రామును మూసివేయండి. లేకపోతే నకలు తీసిన తరువాత కొట్టిన బిల్లులు అందులో ఉండవు. నకలు మీద ‘ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్’ నడిపి, ‘ఓకే’ అని వచ్చిన తరువాతనే అసలు ఫైలు స్థానంలో నకలును పెట్టండి.

అభ్యాసం: మీ ఫైలు నకలు మీద ఖాళీ పేజీల సంఖ్యను, ‘ప్రాగ్మా పేజ్_కౌంట్’ చూపే మొత్తం సంఖ్యను వాక్యూమ్‌కు ముందు ఒకసారి, తరువాత ఒకసారి రాసిపెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ ప్రోగ్రాములో పట్టికకు పూర్తిగా తాళం వేసే ‘వాక్యూమ్ ఫుల్’ సంగతి 7వ పాఠంలో చూద్దాము.