రొయ్యల యూనిట్‌లో ఆడ, మగ కూలి తేడా లెక్క తీయడం ఎలా?

విశాఖలో రొయ్యలు ప్రాసెస్ చేసే యూనిట్లలో తల తీయడం, వలవడం, గ్రేడింగ్ (సైజు వారీగా వేరుచేయడం) ఎక్కువగా ఆడవాళ్ల పని. ఫ్రీజర్, లోడింగ్, మెషీన్లు మగవాళ్లవి. అందుకే "మా దగ్గర రేటు అందరికీ ఒకటే" అన్న మాట తేలిగ్గా నిజమవుతుంది: ఒకే పనిలో ఇద్దరూ లేకపోతే పోల్చేదేముంది? తేడా రేటులో కంటే పని పంచిన తీరులో, డబ్బు కట్టని గంటల్లో ఎక్కువ దాగుతుంది.

ముందుగా 12 నెలల మస్టర్ రోల్ (హాజరు పట్టీ), జీతాల రిజిస్టర్, గేటు దగ్గర రాసే రాకపోకల పుస్తకం తీయండి. రెండు మూడు నెలలతో సరిపెట్టొద్దు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. సముద్రపు సరుకు మీద నడిచే యూనిట్‌కు ఆ నెలల లెక్క మిగతా ఏడాదికి పనికిరాదు. కాంట్రాక్టర్ రోల్‌లో ఉన్నవాళ్లను వదిలేస్తే లెక్క మొత్తం అబద్ధమవుతుంది, ఎందుకంటే వలిచే వాళ్లలో చాలామంది అక్కడే ఉంటారు.

తర్వాత ప్రతి మనిషికీ గంట కూలి కట్టాలి. కిలో లెక్కన పనిచేసేవాళ్ల దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. లారీ ఆలస్యమైనా, ఐసు అందకపోయినా షెడ్‌లో కూర్చున్న సమయాన్ని కూడా గంటల్లో కలపాలి. ఉదాహరణకు ఒకామె 8 గంటలు వలిచి 480 రూపాయలు తీసుకుంది, కాని గేటు పుస్తకంలో 10 గంటలు ఉంది. గంటకు 60 కాదు, 48. లోడింగ్‌లో 9 గంటలకు 630 తీసుకున్నతనికి గంటకు 70. తేడాను మగవాళ్ల కూలితో భాగించి 100తో గుణించండి: ఆగిన సమయం వదిలేస్తే 14.3 శాతం, కలిపితే 31.4. ఎక్కువమందిని పోల్చేటప్పుడు సగటు కాకుండా, ఆడవాళ్ల గంట కూలీలను, మగవాళ్లవాటిని వేరువేరుగా తక్కువ నుంచి ఎక్కువకు వరసపెట్టి మధ్యనున్న కూలి తీసుకోండి. ఒక్క సూపర్‌వైజర్ జీతం సగటును లాగేస్తుంది.

ఇక పని పేర్లు. ఒకే నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఉన్న పనికి కూలిలో లింగ భేదం కూడదని 2019 వేతనాల కోడ్ చెబుతుంది. 1976 సమాన వేతన చట్టమూ అదే చెప్పింది. రిజిస్టర్‌లో "హెల్పర్" అని ఉన్నామె రోజంతా గ్రేడింగ్ మెషీన్ దగ్గరే ఉంటే, పక్కన "ఆపరేటర్" అని ఉన్నతనితో పోల్చండి. షెడ్‌లో ఓ గంట నిలబడి చూస్తే పేర్ల బండారం బయటపడుతుంది. తేడా తేలాక మగవాళ్ల కూలి తగ్గించి సరిచేయడానికి చట్టం ఒప్పుకోదు.

యజమానికి నష్టం ఎక్కడో చూపాలంటే మానేసినవాళ్ల జాబితా తీయండి. చేయి తిరిగినామె గంటకు ఎన్ని కిలోలు వలుస్తుంది, కొత్తామె మొదటి నెలలో ఎన్ని వలుస్తుంది, ఎంత సరుకు నలుగుతుంది? ఆ నెల మొత్తం తేడాను రూపాయల్లోకి మార్చి, ఏడాదిలో మానేసినవాళ్ల సంఖ్యతో గుణించండి. కారణాలు రాత్రి షిఫ్ట్ తర్వాత బండి లేకపోవడం, పసిబిడ్డను చూసేవాళ్లు లేకపోవడం అయితే వ్యాను ఖర్చు, క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఖర్చు దాని పక్కన పెట్టి పోల్చండి. 50 మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్ ఎలాగూ తప్పనిసరి. ఉచిత బస్సు ఉందిగా అనొద్దు. అర్ధరాత్రి ఊరి చివరి రోడ్డుకు ఏ బస్సు వస్తుంది?

జిల్లా ఆదాయానికీ ఈ లెక్కే మెట్టు. 2023-24 దేశవ్యాప్త కార్మిక సర్వేలో 15 ఏళ్లు, ఆపైబడిన ఆడవాళ్లలో 41.7 శాతం, మగవాళ్లలో 78.8 శాతం పని చేస్తున్నవాళ్లు, లేదా పని వెతుకుతున్నవాళ్లు. 2017-18లో ఆడవాళ్లు 23.3 శాతమే, కాని పెరిగినదాంట్లో ఎక్కువ భాగం పల్లెల్లో సొంత పొలం, ఇంటివాళ్ల చిన్న వ్యాపారాల్లోనే. నెలనెలా చేతికి డబ్బొచ్చే ఫ్యాక్టరీ ఉద్యోగంలోంచి ఒకామె తప్పుకుంటే, నేర్చిన పనీ పోతుంది, బజారులో ఆమె పెట్టే ఖర్చూ పోతుంది.

ఆరు నెలలకు మళ్లీ లెక్క తీసేటప్పుడు పని పేర్లు, గంటల లెక్క మార్చొద్దు. మారిస్తే తగ్గింది తేడానా, కొలతా అన్నది తెలియదు.