టేబుల్ ఒక వరుసలో, తెర మీద ఇంకో వరుసలో: పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌లు సర్దుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనుగోళ్ల లెక్క రాసే టేబుల్ ఒకటి ఉందనుకుందాం. కాలమ్‌లు ఈ వరుసలో ఉన్నాయి: డబ్బు ముట్టిందా లేదా, లాట్ నంబరు, బస్తాలు, కాంటా అయిన సమయం, క్వింటా ధర, రైతు పేరు. ఇప్పుడు తేజనా, చపాటానా అని రకం కూడా రాయాలి. లాట్ నంబరు పక్కన ఉంటే బాగుంటుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో అయితే 'ఆఫ్టర్' అని చెప్పి అక్కడే ఇరికించొచ్చు. మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో కొత్త కాలమ్ ఎప్పుడూ చివరికే పోతుంది. కాలమ్‌ను గుర్తుపట్టడానికీ, డిస్క్‌లో పెట్టడానికీ, తెర మీద చూపడానికీ అది ఒకటే నంబరు వాడుతుంది మరి. అందుకే ఈ రెండు వరుసల్ని మనమే విడదీసుకోవాలి: టేబుల్ డిస్క్ కోసం, వ్యూ (టేబుల్‌లోని డేటానే మనకు కావాల్సిన వరుసలో చూపే దాచిపెట్టిన క్వెరీ) మన కోసం.

ముందు డిస్క్ సంగతి. బిగ్‌ఇంట్ (పెద్ద అంకె), టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం) టైపు కాలమ్‌లు 8 బైట్ల హద్దు మీదే మొదలవ్వాలి. పై టేబుల్‌లో డబ్బు ముట్టిందా అన్నది బూలియన్ (అవును/కాదు), 1 బైటు. దాని వెనకే లాట్ నంబరు బిగ్‌ఇంట్ కాబట్టి మధ్యలో 7 బైట్లు ఖాళీ. బస్తాలు స్మాల్‌ఇంట్ (చిన్న అంకె), 2 బైట్లు. తర్వాతి టైమ్‌స్టాంప్ కోసం ఇంకో 6 ఖాళీ. 4 బైట్ల ధర కలిపితే 36. అదే పెద్దవి ముందు, చిన్నవి వెనక పెడితే 23తో సరిపోతుంది. ఒక్కో రో (ఒక లాట్ ఎంట్రీ) ముందుండే హెడర్ 24 బైట్లు కలిపి, 8 గుణిజానికి సవరిస్తే 64 కాస్తా 48 అవుతుంది. పేర్లు, రకం లాంటి టెక్స్ట్ కాలమ్‌లు ఈ లెక్కలో లేవు, అవి ఎలాగూ చివర్లో ఉండాల్సినవే. ఈ లెక్కన కోటి రోలుంటే 16 కోట్ల బైట్ల దాకా మిగులుతాయి. కొన్ని వేల రోల టేబుల్‌కి మాత్రం ఇంత హైరానా దండగ. వ్యూ ఒక్కటి చేసుకుంటే చాలు.

ఇక పని. బ్యాకప్ తీసుకుని, యార్డుకు సెలవున్న రోజు చూసుకోండి, టేబుల్‌కి తాళం పడుతుంది కాబట్టి. లాట్ నంబరు, సమయం, ధర, బస్తాలు, డబ్బు ముట్టిందా, చివర పేరు, రకం అనే వరుసలో కొత్త టేబుల్ కట్టండి. ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే మొత్తం, లేదంటే ఏదీ జరగని పనుల కట్టలో) పాతదాన్నుంచి డేటా పోయండి. ఇన్సర్ట్‌లోనూ సెలెక్ట్‌లోనూ కాలమ్ పేర్లు రాయాల్సిందే. పేర్లకు బదులు స్టార్ (*, అంటే అన్ని కాలమ్‌లు) పెట్టారో, విలువలు వరుస తప్పుతాయి. ఈ టేబుల్‌లో అయితే బూలియన్ పోయి లాట్ నంబరులో పడబోయి ఎర్రర్ వస్తుంది. రెండు వైపులా అంకెలే ఉన్న చోట మాత్రం ఒకదాని విలువ ఇంకోదానిలో కూర్చున్నా ఎర్రర్ రాదు! ఇండెక్స్‌లు (త్వరగా వెతికే సూచికలు), ఫారిన్ కీలు (ఇతర టేబుళ్లతో ముడులు), డిఫాల్ట్‌లు (ఏమీ రాయకపోతే పడే విలువలు) కొత్తదానికి మళ్లీ కట్టాలి. వేరే టేబుళ్ల నుంచి వచ్చే ఫారిన్ కీలు పాతదాన్నే పట్టుకుని ఉంటాయి, వాటినీ మార్చాలి.

తర్వాత పాత టేబుల్ పేరు మార్చి, ఆ పాత పేరుతోనే కొత్త టేబుల్ మీద వ్యూ చేయండి. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) మీద చదువుకునే వరుసే అందులో ఉంచండి: లాట్, రకం, రైతు, బస్తాలు, ధర, సమయం, డబ్బు. ఒకే టేబుల్ మీది సాదా వ్యూ కాబట్టి ఇన్సర్ట్, అప్‌డేట్ కూడా దాని మీదుగానే నడుస్తాయి. కాలమ్ పేర్లు రాయకుండా ఇన్సర్ట్ చేసే పాత ప్రోగ్రాములు, సీఎస్‌వీ ఎక్కించే స్క్రిప్టులు ఉంటే మాత్రం ముందే వెతికి సరిచేయండి.

రేపు ఇంకో కాలమ్ కావాలంటే టేబుల్‌కి చివర తగిలించండి. వ్యూలో మధ్యకు తేవాలంటే 'క్రియేట్ ఆర్ రీప్లేస్' పనికిరాదు, అది చివర చేర్చడానికే ఒప్పుకుంటుంది. వ్యూను డ్రాప్ చేసి మళ్లీ చేయాలి. డ్రాప్‌తో పాటు దాని గ్రాంట్‌లూ (ఎవరెవరు వాడొచ్చన్న అనుమతులు) పోతాయి కాబట్టి అదే ట్రాన్సాక్షన్‌లో వాటినీ తిరిగి ఇవ్వండి.