పెట్టుడు కాలుతో గుడికి వెళ్తున్నారా? మడమ సంగతి చూసుకోండి

కడప నుంచి ఒంటిమిట్ట పాతిక కిలోమీటర్లే. అంత దగ్గరి ప్రయాణంలోనే మా చిన్నాన్నకు మోకాలు పట్టేసింది. కారణం దూరం కాదు, చెప్పులు విప్పడం.

పెట్టుడు కాలును చాలావరకు మనం రోజూ వేసుకునే బూటు మడమ ఎత్తుకు సరిపోయేలా అమరుస్తారు. గుడి దగ్గర బూటు తీసేస్తే ఆ ఎత్తు పోతుంది. కాలు వెనక్కి వాలుతుంది, మోకాలు వెనక్కి నెట్టినట్టవుతుంది. చదును నేల మీద కూడా గుట్ట ఎక్కుతున్నట్టే ఉంటుంది. జైపూర్ ఫుట్‌తో ఈ ఇబ్బంది తక్కువ, దాన్ని ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల కోసమే తయారుచేశారు.

మేమేం చేశామంటే, చెప్పులు కుట్టే ఆయన దగ్గర బూటు మడమంత మందం రబ్బరు ముక్కను ముందుకు పోనుపోను పలచబడేలా చెక్కించాం. గుడి బయట దాన్ని పెట్టుడు పాదం మడమ కింద పెట్టి, పైన బిగుతు సాక్సు తొడుగుతాం. సాక్సు అడుగున రబ్బరు చుక్కలున్నదే కొనండి, మామూలుది బండల మీద జారుతుంది. ముందు ఇంట్లో గోడ పట్టుకుని నడిచి చూడాలి. కాలు అమర్చినవాళ్లకు ఓసారి చూపిస్తే ఇంకా మంచిది.

ఇంకోటి, ఎండాకాలం మధ్యాహ్నం వద్దు. పెట్టుడు కాలికి బండ వేడి తెలీదు, పాపం రెండో కాలే మాడిపోతుంది. పొద్దున్నే వెళ్లండి.